సీజన్ అయిపోయాక లద్దాఖ్: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ నుంచి ఆగస్టు దాకా లేహ్ కిటకిటలాడుతుంది. సెప్టెంబరు సగం దాటాక జనం పలచబడతారు. దసరా సెలవుల్లో వెళ్దామా అని మనవాళ్లు ఆలోచన మొదలుపెట్టేదీ అప్పుడే. ఆ సమయంలో వెళ్లేవాళ్లకు వచ్చే సందేహాలు, వాటికి జవాబులు ఇవి.

అక్టోబరులో వెళ్తే అసలు ఏమైనా తెరిచి ఉంటాయా?

ఉంటాయి. ఊరు ఊరుగానే నడుస్తుంది. టూరిస్టుల కోసం వెలిసిన భాగమే మూతపడుతుంది. చంగ్‌స్పా వీధిలో కేఫ్‌లు, చిన్న గెస్ట్‌హౌస్‌లు అక్టోబరు పొడవునా ఒక్కొక్కటిగా షట్టర్ దించేస్తాయి. వాటిల్లో వండేవాళ్లు, వడ్డించేవాళ్లు చాలామంది నేపాల్ నుంచో బిహార్ నుంచో వచ్చినవాళ్లు, చలి ముదరకముందే ఇళ్లకు బయల్దేరతారు. శాలువాలు, తివాచీలు అమ్మే కశ్మీరీ వ్యాపారుల్లో చాలామంది సరుకు మూటగట్టుకుని చలికాలానికి గోవా వైపు వెళ్లిపోతారు. గొంపాలు (బౌద్ధ మఠాలు), కోటలు, బజారు, ఆసుపత్రి, పెట్రోలు బంకులు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఆఫ్‌సీజన్ అంటే అన్నీ చౌకగా దొరుకుతాయని కాదు, అన్నిటికీ కాస్త ఎక్కువ టైమ్ పడుతుందని. చేతిలో అయిదు రోజులే పెట్టుకుని నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు, చుక్కలు చూసే హాన్లే, త్సో మోరీరి సరస్సు అన్నీ చుట్టేయాలనుకునేవాళ్లకు ఈ కాలం పనికిరాదు.

ఏ తేదీల్లో వెళ్తే మంచిది?

నన్నడిగితే సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 15 మధ్య. అప్పటికి ఆకాశం శుభ్రపడుతుంది, పగలు ఎండ బాగుంటుంది, దారులన్నీ దాదాపు తెరిచే ఉంటాయి. అక్టోబరు రెండో సగంలో సరస్సుల దగ్గర టెంట్లు పీకేస్తారు, కనుమల మీద మంచు పడటం మొదలవుతుంది, రాత్రి చలి పళ్లు పటపటలాడిస్తుంది. అయినా లేహ్, దాని దిగువన సింధు నది వెంట ఉన్న శామ్ ప్రాంతం, నుబ్రా హాయిగా చూడొచ్చు. నవంబరు మాత్రం మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పను. చెట్లు మోడువారి ఉంటాయి, నీళ్ల పైపులు గడ్డకడతాయి, అలాగని శీతాకాలపు మంచు అందమూ ఇంకా రాదు.

దసరా సెలవులు సరిపోతాయా?

తొమ్మిది, పది రోజులుంటే సరిపోతాయి. పండగ సెప్టెంబరు చివర వస్తుందా, అక్టోబరు మూడో వారంలో వస్తుందా అన్నది ముందు చూసుకోండి. ఈ మూడు వారాల తేడాతో లద్దాఖ్‌లో ఋతువే మారిపోతుంది. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. 2026లో అక్టోబరు 20న. అంత ఆలస్యంగా వచ్చిన ఏడాది పాంగాంగ్ ఒడ్డున టెంటులో నిద్ర లాంటి కోరికలు పక్కన పెట్టి, లేహ్, శామ్, నుబ్రాలతో ప్లాన్ వేసుకోవడం మేలు.

హైదరాబాద్ నుంచి ఎలా వెళ్లాలి? విమానమా, రోడ్డా?

ఈ కాలంలో విమానమే. ఢిల్లీ నుంచి లేహ్ గంటన్నర లోపు ప్రయాణం. మధ్యాహ్నం గాలులు లేస్తాయి కాబట్టి విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి. దాంతో మనవాళ్లు చేసే పని ఏమిటంటే, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రాత్రి విమానంలో ఢిల్లీ చేరి, టెర్మినల్ కుర్చీల్లో కునికిపాట్లు పడి, తెల్లారేసరికి లేహ్‌లో దిగడం. టికెట్ కలిసొస్తుందేమో గానీ ఒంటికి మాత్రం చేటు. రాత్రంతా నిద్ర లేకుండా, సరిగ్గా తినకుండా, నీళ్లు తాగకుండా మూడు వేల మీటర్ల పైకి వెళ్తే మొదటి రోజే తలనొప్పి పట్టుకుంటుంది. ఢిల్లీలో ఒక రాత్రి గది తీసుకుని పడుకుని వెళ్లండి.

రోడ్డున వెళ్తే శ్రీనగర్ నుంచి సుమారు 420 కిలోమీటర్లు. సోజి లా, నమికా లా, ఫోటు లా కనుమలు దాటాలి. ఈ దారి మెల్లమెల్లగా ఎత్తుకు తీసుకెళ్తుంది కాబట్టి ఒంటికి మంచిది, కాకపోతే సోజి లా మీద మంచు పడితే బండ్లు ఆగిపోతాయి. మనాలి దారి ఇంకా కష్టం. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ బెడద పోయింది. కానీ ఆ పైన బారాలాచా లా, తంగ్‌లంగ్ లా అలాగే ఉన్నాయి. మధ్యలో సర్చు, పాంగ్ దగ్గర రాత్రి తలదాచుకునే టెంట్లు సెప్టెంబరు చివరికల్లా ఎత్తేస్తుంటారు. బండి చెడిపోతే అడిగే నాథుడు ఉండడు. అక్టోబరులో పిల్లాపాపలతో ఆ దారి పట్టకండి.

అక్కడ ఊపిరి ఆడదంటారు. నిజమేనా?

ఈ పేజీలో మిగతావి చదవకపోయినా ఇది చదవండి.

లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదానిలో మూడింట రెండొంతులే. నుబ్రా దారిలోని ఖర్దుంగ్ లా కనుమ మీద, అంటే 5,359 మీటర్ల దగ్గర, దాదాపు సగం. ఒళ్లు దీనికి అలవాటు పడాలంటే రోజులు కావాలి. వ్యాయామం చేసే కుర్రాళ్లు మాకేం కాదనుకుంటారు. ఎత్తు జబ్బుకు కండబలంతో పని లేదు, పరుగు పందేలు గెలిచినవాళ్లు కూడా మంచం పడతారు.

మొదటి రెండు రోజులు లేహ్‌లో కదలకుండా ఉండండి. గదిలో పడుకోవడం, నెమ్మదిగా బజారు దాకా నడవడం, ద్రవాలు తీసుకోవడం, తేలిగ్గా తినడం, అంతే. మద్యం వద్దు, నిద్రమాత్రలు వద్దు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం ఇంకా పైకి వెళ్లకూడదు.

భయపడాల్సిన లక్షణాలు వేరే ఉన్నాయి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగతో కళ్లె వస్తుంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నట్టు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, మడమకు కాలివేలు ఆనించి సరళరేఖ మీద నడవమంటే తూలిపోతున్నా మెదడుకు వాపు వస్తున్నట్టు. రెండూ ప్రాణాంతకమే. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. లేహ్‌లో ఉంటే వెంటనే ఎస్.ఎన్.ఎం. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇలాంటి కేసులు చూడటం వాళ్లకు నిత్యకృత్యం. బయట ఉంటే వీలైనంత కిందికి దిగాలి.

డయామాక్స్ అని జనం పిలిచే అసిటజోలమైడ్ మాత్ర ముందుజాగ్రత్తగా పనిచేస్తుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లకు ప్రమాదం కాబట్టి మీ డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. మైనస్ డిగ్రీల్లో అర్ధరాత్రి లేవాలంటే విసుగే, అయినా మానేయకండి.

కొవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే పట్టుకెళ్లండి, కానీ దాన్ని చూసి హడలిపోవద్దు. ఇక్కడ 88 చూపిస్తే అంబులెన్సు పిలుస్తాం. అక్కడ తొలిరోజు చాలామందికి 85, 90 మధ్యే చూపిస్తుంది. చల్లబడ్డ వేలికి పెడితే ఇంకా తక్కువ చూపిస్తుంది, చేతులు రుద్దుకుని మళ్లీ చూడండి. బజారులో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొద్ది నిమిషాలకే అయిపోతాయి, అవి వైద్యం కాదు.

అమ్మానాన్నలను, చిన్నపిల్లలను తీసుకెళ్లొచ్చా?

వయసుకన్నా జబ్బులు ముఖ్యం. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, అదుపులో లేని బీపీ, గర్భం ఉంటే వైద్యుడు సరేనన్నాకే టికెట్ కొనండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు లేహ్, శామ్‌లోని ఆల్చీ దాకా హాయిగా వెళ్లి వస్తారు. వాళ్లను ఎత్తయిన సరస్సుల దగ్గర రాత్రి ఉంచకండి. చీర కట్టే అమ్మమ్మలకు లోపల థర్మల్స్, కాళ్లకు ఉన్ని మేజోళ్లు, బూట్లు వేయించండి. చెప్పులతో అవదు. గొంపా మెట్లు చాలా ఉంటాయి, తిక్సే అయితే పన్నెండంతస్తుల కొండ కట్టడం. పైదాకా ఎక్కించి తీరాలన్న పట్టుదల వద్దు.

మాటలు రాని పసిపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు, ఏడుపొక్కటే చేయగలరు. అలాంటివాళ్లతో ఈ ప్రయాణం ఇంకో రెండేళ్లకు వాయిదా వేయడమే మంచిది.

చలి ఎంత ఉంటుంది? ఏం బట్టలు కావాలి?

అక్టోబరులో లేహ్‌లో పగలు పదిహేను డిగ్రీల దరిదాపు, తెల్లవారుజామున సున్నాకు అటూఇటూ. పాంగాంగ్, హాన్లేల్లో రాత్రి మైనస్ 5 నుంచి మైనస్ 10 దాకా పడిపోతుంది. దానికి గాలి తోడు. చిత్రమేమిటంటే మధ్యాహ్నం ఎండలో నిలబడితే చెమట పడుతుంది, పక్కనే నీడలోకి జరిగితే వణుకు. అందుకే ఒకే లావుపాటి కోటు కన్నా పొరలు పొరలుగా వేసుకునేవి మేలు: లోపల థర్మల్స్, పైన ఉన్ని స్వెటర్, ఆపైన గాలి చొరబడని జాకెట్. చేతి తొడుగులు, మేజోళ్లు, మన మంకీ క్యాప్. చూసి నవ్వేవాళ్లు నవ్వనీ, చెవులు కప్పడంలో దాన్ని మించింది లేదు.

ఎండ కళ్లజోడు, సన్‌స్క్రీన్ కచ్చితంగా ఉండాలి. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే రెండో రోజుకే పెదాలు పగులుతాయి, కొందరికి ముక్కులోంచి రక్తపు చారలు వస్తాయి. వాజలిన్ రాసుకోండి. కొబ్బరి నూనె సీసా తీసుకెళ్తే బ్యాగులోనే గడ్డకట్టి చెంచాతో తవ్వుకోవాలి.

గదుల్లో వేడినీళ్లు, హీటరు ఉంటాయా?

బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: అక్టోబరు చివరిదాకా తెరిచే ఉంటారా, గదిలో వేడికి ఏం పెడతారు, కుళాయిలో నీళ్లు వస్తాయా. చాలాచోట్ల వేడినీళ్లు ఉదయం, సాయంత్రం కొన్ని గంటలే ఇస్తారు. చలి ముదిరితే పైపులు పగలకుండా నీళ్లు వదిలేసి, బకెట్లతో తెచ్చిస్తారు. బుఖారీ అనే ఇనుప పొయ్యి ఉన్న గదిలో పడుకునే ముందు దాన్ని ఆర్పి, కిటికీ కాస్త తెరవండి. మూసిన గదిలో పొగ విషమే. పల్లెల్లో హోమ్‌స్టేలకు వెళ్తే మరుగుదొడ్డి నీళ్లు లేనిదే ఉంటుంది. పైగదిలో మట్టినేల, మధ్యలో రంధ్రం, పక్కన మట్టి కుప్ప, పార. పని అయ్యాక పారతో మట్టి వేయాలి. మొదట ముఖం చిట్లించినా, గడ్డకట్టే చలిలో దానికి మించిన ఏర్పాటు లేదని రెండో పూటకే అర్థమవుతుంది.

ఆకుల రంగులు ఎక్కడ బాగుంటాయి?

ఆఫ్‌సీజన్‌లో వెళ్లడానికి అసలు కారణం ఇదే. లద్దాఖ్‌లో అడవులు లేవు. ఊరున్నచోట, కాలువ పారేచోట పాప్లార్, విల్లో చెట్లు వరుసగా నాటుకుంటారు. ఇళ్ల పైకప్పులకు దూలాలు, వాసాలు అవే. సెప్టెంబరు చివర్లో అవి పసుపెక్కడం మొదలై అక్టోబరులో నిండు బంగారు రంగుకు వస్తాయి. చుట్టూ బూడిదరంగు కొండలు, పైన ముదురు నీలం ఆకాశం, మధ్యలో ఊరు మేర పసుపు గీత.

ఎత్తయిన ఊళ్లలో ముందు, దిగువ ఊళ్లలో ఆలస్యంగా రంగు మారుతుంది. కాబట్టి తేదీలు కాస్త అటూఇటూ అయినా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. లేహ్ చుట్టుపక్కల చూసుకుని సింధు నది వెంట శామ్ వైపు దిగండి: బస్‌గో, లికిర్, ఆల్చీ, తెమిస్‌గాం. ఆల్చీలో పదకొండో, పన్నెండో శతాబ్దాల కుడ్యచిత్రాలున్న గుళ్లు ఉన్నాయి. లోపల చీకటి, ఫొటోలు తీయనివ్వరు. కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా ఆగితే సుమ్‌త్సెక్ ఆలయంలోని నిలువెత్తు బోధిసత్వుడి ధోవతి మీద గీసిన బుల్లి మనుషులు, గుళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. వేసవిలో వెనక నిలబడ్డవాళ్లు తోస్తుంటారు. అక్టోబరులో ఎంతసేపు చూసినా ఎవరూ ఏమీ అనరు.

దారిలో నిమ్ము దగ్గర సింధు, జాంస్కర్ నదులు కలుస్తాయి. జూలైలో మంచు కరిగి వచ్చే మట్టితో బురదగా ఉండే నీళ్లు ఈ కాలానికి తేటపడి నీలంగా, ఆకుపచ్చగా మెరుస్తాయి.

ఈ వారాల్లో ఊళ్లన్నీ చలికాలానికి సరుకు చేర్చుకునే హడావుడిలో ఉంటాయి. బార్లీ కోతలు అయిపోయి ఇళ్ల కప్పుల మీద గడ్డి మోపులు ఎక్కుతాయి. బంగాళాదుంపలు, క్యారెట్లు, ముల్లంగి తవ్వి భూమిలో గోతుల్లో దాస్తారు. ముళ్ల పొదలను కర్రతో కొట్టి నారింజరంగు సీబక్‌థార్న్ పండ్లు రాలుస్తారు. లేహ్ మెయిన్ బజారులో ఆడవాళ్లు కాలిబాట మీద వరుసగా కూర్చుని మట్టి వదలని క్యారెట్లు, ఎండు ఆప్రికాట్లు, ఛుర్పీ అనే రాయిలాంటి ఎండు జున్ను ముక్కలు అమ్ముతుంటారు. ఆప్రికాట్లు పావుకిలో కొనండి, లోపలి గింజలు పగలగొట్టుకు తింటే బాదంలా ఉంటాయి. ఛుర్పీ మాత్రం పళ్లు గట్టిగా ఉన్నవాళ్లకే.

పాంగాంగ్ వెళ్లాలా వద్దా?

చూడండి, కానీ అక్కడ పడుకోవాలా అన్నది ఆలోచించండి. సరస్సు సుమారు 4,250 మీటర్ల ఎత్తున, 134 కిలోమీటర్ల పొడవున టిబెట్‌లోకి సాగి ఉంటుంది. లేహ్ నుంచి చాంగ్ లా దాటి వెళ్లాలి, అది 5,360 మీటర్లు. చిక్కంతా ఇక్కడే. అర్ధరాత్రి ఎవరికైనా ఆయాసం మొదలైతే లేహ్ ఆసుపత్రికి రావాలంటే ముందు ఇంకో వెయ్యి మీటర్లు ఎక్కాలి. అందుకే తొలి నాలుగైదు రోజులు లేహ్‌లో, నుబ్రాలో గడిపాకే అటు వెళ్లమని చెప్పేది.

అక్టోబరు సగం నుంచి ఒడ్డున క్యాంపులు మూసేస్తారు. స్పాంగ్మిక్, మాన్, మెరాక్ ఊళ్లలో హోమ్‌స్టేలు ఉంటాయి, టెంటు కన్నా మట్టిగోడ ఇల్లే వెచ్చన. నీళ్ల రంగు ఈ కాలంలో అద్భుతంగా ఉంటుంది, గడ్డకట్టేది నడిశీతాకాలంలో. ఒక్కరోజులో వెళ్లి రావడం కుదురుతుంది గానీ పది గంటలకు పైగా కారులోనే. పెద్దవాళ్లతో అయితే పాంగాంగ్ మానేసి శామ్‌లో ఇంకోరోజు ఉండటానికే నా ఓటు.

నుబ్రా సంగతేమిటి?

ఖర్దుంగ్ లా దాటాలన్న మాటే గానీ, నుబ్రా లోయ లేహ్ కన్నా కిందే ఉంటుంది. దిస్కిట్, హుందర్ సుమారు 3,100 మీటర్లు. రాత్రి నిద్ర బాగా పడుతుంది, చలీ తక్కువ. కనుమ మీద పదీ పదిహేను నిమిషాలకు మించి ఆగొద్దు. అక్కడి పాత బోర్డుల మీద 18,380 అడుగులని ఉండేది, అసలు ఎత్తు 17,582 అడుగులు. ఫొటోకు ఏదైతేనేం.

హుందర్ ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు అందరూ చూసేవే. నాకు ఇంకా నచ్చేది తుర్తుక్. 1971 యుద్ధం దాకా పాకిస్తాన్ చేతిలో ఉన్న బాల్టీ ముస్లింల ఊరు, ఇళ్ల మధ్య కాలువలు, ఆప్రికాట్ చెట్లు. అక్టోబరులో ఆ చెట్ల ఆకులు ఎరుపుకు తిరుగుతాయి. పండ్లు మాత్రం అప్పటికే ఎండబెట్టేసి ఉంటాయి.

హాన్లేలో చుక్కలు చూడాలంటే?

పంచాంగం చూసుకుని వెళ్లండి. మహాలయ అమావాస్య ముందు వెనక రోజులు చాలా మంచివి. ఆ తేదీ సెప్టెంబరు రెండో సగం, అక్టోబరు మొదటి సగం మధ్య వస్తుంది, ఆకాశమూ తేటగా ఉంటుంది. చీకటి పడగానే నైరుతి దిక్కున పాలపుంత నిలువుగా కనిపిస్తుంది, అర్ధరాత్రికి కృత్తికలు నడినెత్తి వైపు ఎక్కుతాయి. దసరా నాటికి వెళ్తే దశమి చంద్రుడు అర్ధరాత్రి దాటాకే అస్తమిస్తాడు, అప్పటిదాకా వెన్నెలలో చుక్కలు మాసిపోతాయి.

2022 డిసెంబరులో హాన్లే చుట్టూ వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని చీకటి ఆకాశ అభయారణ్యంగా ప్రకటించారు. రాత్రి హెడ్‌లైట్లు, తెల్ల టార్చీలు వేయకూడదు, కిటికీలకు తెరలు దించాలి. శిక్షణ పొందిన ఊరి కుర్రాళ్లు, అమ్మాయిలు టెలిస్కోపులు పెట్టి చూపిస్తారు. కొండమీద భారత ఖగోళ పరిశోధనశాల ఉంది, 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు అందులోదే. దగ్గర్లోనే మేస్ అనే 21 మీటర్ల గామా కిరణాల టెలిస్కోపు కనిపిస్తుంది. 2024 అక్టోబరులో ప్రారంభమైన దీన్ని భాభా అణు పరిశోధన కేంద్రం నిర్మించింది, అందులో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చేయి ఉంది.

ఊరు 4,300 మీటర్ల దరిదాపున ఉంటుంది. లేహ్ నుంచి 250 కిలోమీటర్లకు పైగా, రోజంతా ప్రయాణం. కాబట్టి ఇది యాత్రలో చివర పెట్టుకోవాల్సిన మజిలీ. కెమెరా బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి, జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి.

పండగలేమైనా కలిసొస్తాయా?

హెమిస్ ఉత్సవం వేసవిలో అయిపోతుంది. తిక్సే గొంపాలో గుస్తోర్ ముసుగు నృత్యాలు మాత్రం అక్టోబరు చివరో నవంబరులోనో జరుగుతాయి, టిబెట్ పంచాంగాన్ని బట్టి తేదీ ఏటా మారుతుంది. టూరిస్టులు తగ్గిపోతారు కాబట్టి చుట్టూ కూర్చునేది ఊరివాళ్లే. ముందు వరసలో ముసలివాళ్లకు చోటివ్వండి, నాట్యం చేసేవాళ్లకు అడ్డంగా ఫోను పెట్టొద్దు.

మన తిండి దొరుకుతుందా?

లేహ్‌లో రోటీ, పప్పు, అన్నం ఎప్పుడూ దొరుకుతాయి. సీజన్‌లో ఇడ్లీ దోశ పెట్టేవాళ్లు అక్టోబరుకు ఉంటారో లేదో నమ్మకం లేదు. పచ్చళ్లు, కంది పొడి, కరివేపాకు పొడి తీసుకెళ్లండి, ఎలాగూ తీసుకెళ్తారు. గదిలో ఎలక్ట్రిక్ కుక్కరు పెట్టి అన్నం వండుకుందామనుకుంటే ఒక సంగతి: లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకు మిగులుతుంది, పప్పయితే గంటలు గడిచినా ఉడకదు. ప్రెషర్ కుక్కరే కావాలి.

అక్కడివి కూడా తినండి. కూరగాయలతో వేడివేడి థుక్పా అనే నూడుల్స్ సూప్, గోధుమపిండి బిళ్లలు ఉడికించిన స్క్యూ, పొద్దున వెన్నతో ఖంబీర్ రొట్టె. బార్లీ, బఠాణీ పిండితో చేసే పాబా మన రాగిసంగటికి చుట్టమే. ఉప్పేసిన వెన్న టీని టీ అనుకుని తాగితే నచ్చదు, సూప్ అనుకుని తాగండి.

ఫోన్లు, డబ్బులు?

మన రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయితేనే. ఇంట్లో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకుని, హాన్లే, పాంగాంగ్ వైపు సిగ్నల్ రాకపోతే కంగారు పడొద్దని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. లేహ్ బజారులో యూపీఐ నడుస్తుంది. లేహ్ దాటితే నగదు ఉండాలి.

అనుమతులు కావాలా? ఓసీఐ కార్డున్నవాళ్లకు?

భారతీయులు నుబ్రా, పాంగాంగ్, హాన్లే వైపు వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో వివరాలిచ్చి పర్యావరణ రుసుము కట్టాలి. ఆ రసీదు, ఆధార్ నకళ్లు నాలుగైదు పెట్టుకోండి, చెక్‌పోస్టుల్లో అడుగుతారు. అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి, కోడలితో కలిసి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పాస్‌పోర్టు విదేశానిదైతే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఇక్కడ విదేశీయుల కిందే లెక్క. వాళ్లకు లేహ్‌లోని గుర్తింపు పొందిన ట్రావెల్ ఏజెంట్ ద్వారా రక్షిత ప్రాంత అనుమతి తీయాలి. అందులో ఏ ఊరి దాకా రాసి ఉందో చదివాకే ఆ వైపు గది బుక్ చేయండి.

కారు ఎలా? ఖర్చు తగ్గుతుందా?

టాక్సీ యూనియన్ ఏటా రేట్ల పట్టిక వేస్తుంది, బండికి ఇంత అని. ఈ కాలంలో కొంత తగ్గించమని అడగొచ్చు, తగ్గిస్తారు కూడా. కానీ పంచుకోవడానికి తోడు దొరకరు. వేసవిలో ఆరుగురు పంచుకునే కారు ఇద్దరే మోయాల్సి వస్తుంది. గదుల్లో మిగిలింది కారుకు పోతుంది. నలుగురైదుగురు కలిసి వెళ్తేనే ఆఫ్‌సీజన్ గిట్టుబాటు. ఇతర రాష్ట్రాల అద్దె కార్లను, అద్దె బైకులను లేహ్ దాటి తిరగనివ్వరు, సొంత బండికి అభ్యంతరం లేదు. అక్టోబరులో కనుమల మీద పొద్దున్నే రోడ్డుపై పలుచని మంచు పొర కంటికి కనపడదు. స్థానిక డ్రైవరు తొమ్మిదింటికి బయల్దేరదాం అంటే అయిదింటికే లేపమని పట్టుబట్టొద్దు.

పిల్లలకు మంచు చూపించాలి. దొరుకుతుందా?

లేహ్‌లో వాన, మంచు రెండూ తక్కువే. అది చలి ఎడారి, ఏడాదంతా కలిపి వంద మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఖర్దుంగ్ లా, చాంగ్ లా మీద మాత్రం రోడ్డు పక్కన మంచు చాలావరకు దొరుకుతుంది. మంచులో ఆడటమే లక్ష్యమైతే జనవరిలో గుల్మార్గ్ వెళ్లండి, లద్దాఖ్ అందుకు కాదు. మంచు చిరుతలు, గడ్డకట్టిన జాంస్కర్ మీద చాదర్ నడక కూడా జనవరి, ఫిబ్రవరి వ్యవహారాలే.

విమానం రద్దయితే?

అవుతుంటుంది. మబ్బు కమ్మితే పైలట్లు లేహ్‌లో దిగకుండా వెనక్కి తిప్పేస్తారు. 2025 సెప్టెంబరు చివర్లో ఆందోళనల తర్వాత లేహ్‌లో కర్ఫ్యూ పెట్టి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, దసరాకు బయల్దేరినవాళ్ల ప్లాన్లన్నీ తారుమారయ్యాయి. అందుకని లేహ్ నుంచి తిరుగు టికెట్‌కూ, ఢిల్లీ నుంచి హైదరాబాద్ టికెట్‌కూ మధ్య కనీసం ఒక రాత్రి ఉంచండి. రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకుంటే మొదటిది తప్పినా రెండోదాని బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే అవుతుంది. సెలవు ముగిసే ముందురోజు రాత్రి ఇంటికి చేరేలా కాకుండా, ఇంకోరోజు ముందే చేరేలా వేసుకోండి. మందులు, ఫోను ఛార్జరు, ఒక జత థర్మల్స్ చేతి సంచిలోనే ఉండాలి.